తేలినీలాపురంలో సైకిలు గస్తీ రోజులు

సెప్టెంబరు సగం దాటిందంటే శ్రీకాకుళం జిల్లా టెక్కలి, నౌపడ పక్క ఊళ్లలో టీ కొట్టు దగ్గర ఇప్పటికీ ఆ మాట రాకుండా ఉండదు: "పిట్టలు దిగినాయేటి?" తేలినీలాపురం చింతల మీద, తుమ్మల మీద గూడబాతులు (పెలికాన్లు), ఎర్రకాళ్ల కొంగలు (పెయింటెడ్ స్టార్కులు) గూళ్లకి పుల్లలు మొయ్యడం మొదలుపెట్టేది అప్పుడే. మార్చి, ఏప్రిల్ దాకా వాటి కాపురం ఊళ్లోనే. ఆ ఆరేడు నెలలూ అటవీశాఖ వాచర్లకి తోడుగా చుట్టుపక్కల వాళ్లం కొందరం సైకిళ్లేసుకుని గస్తీ తిరిగేవాళ్లం. జీతం లేదు, యూనిఫాం లేదు. మెడలో తువ్వాలు, క్యారేజీ మీద గంప, జేబులో నోటుబుక్కు. ఇప్పుడు ఆ గట్ల మీద మోటారు సైకిళ్లు తిరుగుతున్నాయి, ఫోన్లలో ఫొటోలు చేరుతున్నాయి. మంచిదే. కానీ ఆ సైకిలు పనిలో చేతికి అలవాటైన కిటుకులు కొన్ని ఎక్కడా రాసి లేవు. అవి పోకముందే ఒకచోట పెడదామని ఇది.

ముందుగా ఒక సంగతి. ఈ పిట్టలు సైబీరియా నుంచి వస్తాయని ఊళ్లో ముసలమ్మల దగ్గర్నుంచి బడి పిల్లల దాకా అందరూ చెప్తారు గానీ అది నిజం కాదు. గూడబాతు మన పక్క పక్షే. మన దేశంలో, శ్రీలంకలో, కంబోడియాలో గూళ్లు కడుతుంది. ఎర్రకాళ్ల కొంగా అంతే, దక్షిణాసియాది. చలికాలానికి దూరదేశాల నుంచి దిగేవి వేరే ఉన్నాయి. నౌపడ ఉప్పు మడుల్లో, తంపరలో (నీళ్లు నిలిచే చిత్తడి నేలలో) బురద పొడుచుకుంటూ తిరిగే ఉల్లంకి పిట్టల్లో చాలా మటుకు అవే. ఈ తేడా గస్తీవాడికి కావాలి. ఉల్లంకులు ఇక్కడికి మేతకే వస్తాయి, కాబట్టి బురదలో వాటిని కదపకుండా ఉంటే చాలు. గూడబాతు పిల్లల్ని కనడానికి వస్తుంది. గుడ్డు పొదగడానికి నెల రోజులు, పిల్ల ఎగరడానికి ఇంచుమించు నాలుగు నెలలు. అన్నాళ్లూ దాని చెట్టు కింద కాపలా తప్పదు.

కాపలాకి సైకిలే ఎందుకంటే, అది ఊరి సందడిలో కలిసిపోతుంది. పాల క్యాన్లవాడు, పొలానికెళ్లే రైతు, బడికెళ్లే పిల్ల, అందరూ సైకిలు మీదే పోయేవాళ్లు కాబట్టి పక్షి తల తిప్పి కూడా చూడదు. బిందెల చప్పుడుకి, పశువుల అదిలింపుకి అవి అలవాటుపడ్డాయి. వాటిని లేపేది కొత్త చప్పుడు, అందులోనూ ఉన్నట్టుండి వచ్చేది: సైలెన్సరు టప్పుమనడం, టపాకాయ, చెట్టు కింద డప్పు. తల్లి గూడు వదిలి లేచిన అర నిమిషం చాలు, కాకి గుడ్డు ఎత్తుకుపోతుంది. మిట్టమధ్యాహ్నమైతే బొచ్చు రాని పిల్లకి ఎండే చాలు. నడిచి తిరగొచ్చు కదా అంటే, ఊరి చెట్లు, చెరువు గట్టు, తంపర అంచు, ఉప్పు మడుల దారి అన్నీ కలిపి తెల్లవారుజామున ఒక చుట్టు వెయ్యాలంటే కాళ్లకి వేళ చాలదు. సైకిలు మీద చాలుతుంది. అడ్డం వస్తే భుజానికెత్తుకుని దాటొచ్చు కూడా.

అలాగని ఏ సైకిలు పడితే అది పనికిరాదు. గేర్ల సైకిలు తెచ్చినవాళ్లు రెండో వారానికే దాన్ని ఇంట్లో పెట్టేసేవాళ్లు. వెనక గేరు దగ్గర గడ్డి చుట్టుకుంటుంది, ఉప్పు గాలికి బ్రేకు తీగ తొడుగులోనే తుప్పు పట్టి బిగుసుకుంటుంది. మా పనికి దిట్టమైనది పాత నల్ల సైకిలే: 22 అంగుళాల ఫ్రేము, 28 బై ఒకటిన్నర టైరు, ఊచ బ్రేకులు, నిండు చైన్ కవరు. పెద్ద చక్రం గట్టు మీద గిట్టల గుంటల్ని దాటేస్తుంది. ఊచ బ్రేకుకి తీగ లేదు కాబట్టి తుప్పు పట్టినా రాస్తే పోతుంది. నిండు కవరు చైనుకి ఉప్పు దుమ్ము తగలనివ్వదు. దానితో ఒకటే బాధ, ఎక్కడైనా సొట్ట పడితే చైను కవరుకి రాసుకుని గరగరమంటుంది. లోపలి నుంచి చెక్కముక్క పెట్టి సొట్ట తియ్యాలి.

చప్పుడు తియ్యడమే సగం పని. మడ్‌గార్డు ఊచల నట్లు, స్టాండు స్ప్రింగు, క్యారేజీ క్లిప్పు, బెల్లు మూత, ఈ నాలుగూ మోగుతాయి. పాత ట్యూబుని వేలెడు వెడల్పు పట్టీలుగా కోసి, కదిలే ప్రతి చోటా చుట్టేవాళ్లం. బెల్లుకి పైనుంచి ఒక రబ్బరు బ్యాండు వేస్తే గతుకుల్లో కిణుక్కుమనదు, కావాలంటే లాగేసి కొట్టొచ్చు. చైను మధ్యలో వేలితో ఎత్తి చూస్తే అరంగుళం నుంచి ముప్పావంగుళం వదులుండాలి. అంతకంటే వదులైతే కవరుకి కొట్టుకుంటుంది, బిగిస్తే ఫ్రీవీల్ తొందరగా అరుగుతుంది. పెడలు ఒక్కో చుట్టుకి ఒక్కో "టక్" వినిపిస్తుంటే అది క్రాంకుని (పెడలు కాడని) ఇరుసుకి పట్టించే కాటర్ పిన్ను. చాలామంది దాని నట్టు బిగించి ఊరుకుంటారు. నట్టుకి పిన్నుని లోపలికి లాగే బలం లేదు, మర పోతుంది. క్రాంకు కింద చెక్క ఆనించి, పిన్ను తల మీద ఇంకో చెక్క పెట్టి సుత్తితో దింపాలి. దిగాక నట్టు. కిలోమీటరు తొక్కాక మళ్లీ ఒకసారి నట్టు చూసుకోవాలి.

నూనె విషయంలో మా వాళ్లలోనే రెండు పార్టీలు. కుట్టు మిషను నూనె పల్చన, లోపలికి బాగా దిగుతుంది గానీ మంచుకి, నీళ్లకి తొందరగా పోతుంది. వాడేసిన ఇంజిను ఆయిలు నిలుస్తుంది గానీ ఇసక పట్టి చైను లింకుల్ని ఆకురాయిలా కొరుకుతుంది. చివరికి కుదిరిన పద్ధతి ఏంటంటే, రాత్రి రాగానే చైనుకి, రిమ్ములకి మంచినీళ్లు పోసి ఉప్పు కడగడం, గుడ్డతో తుడవడం, కాసేపు ఆరనిచ్చి లింకుకి ఒక్కో చుక్క పల్చటి నూనె వెయ్యడం, పైన కనిపించే నూనెంతా తుడిచెయ్యడం. నూనె ఉండాల్సింది లింకు లోపల, పైనున్నదంతా దుమ్ముకి విందే. ఉప్పు మడుల దారిలో తిరిగొచ్చి కడక్కుండా వదిలేస్తే రెండో పొద్దుటికే చైను ఎర్రబడేది.

ఇక ముళ్లు. సర్కారు తుమ్మ ముల్లు టైరులో దిగిందంటే ట్యూబు దాకా పోతుంది. దారిలో ముల్లు కనిపిస్తే పెరికెయ్యాలని చెయ్యి లాగుతుంది. పెరక్కూడదు. అది ఉన్నంతసేపు గాలి మెల్లగానే పోతుంది, రెండుసార్లు పంపు కొట్టుకుంటూ ఊళ్లోకి చేరుకోవచ్చు. పెరికితే అక్కడే కూర్చోవాలి. పంచరు వేశాక టైరు లోపల ఒక పాత గుడ్డ పెట్టి చుట్టూ తిప్పాలి; విరిగిన ముల్లు ముక్క ఉంటే గుడ్డకి తగులుకుంటుంది. వేలితో తడిమితే వేలికే దిగుతుంది. ఈ పని మానేసినవాళ్లకి పంచరు వేసిన అరగంటకే మళ్లీ అదే చోట పంచరు. ట్యూబుకి పక్కపక్కన రెండు చిన్న గాట్లు కనిపిస్తే ముల్లు తప్పేమీ లేదు, గాలి తక్కువై రాయి మీద రిమ్ము నొక్కింది. గట్టు మెత్తగా ఉందని గాలి తీసి తిరిగేవాళ్లకి నౌపడ రోడ్డెక్కగానే ఈ గాట్లు పడేవి.

పంచరు సంచిలో ఉండేవి ఇవీ: రెండు టైరు లివర్లు, సొల్యూషన్, పాత ట్యూబులోంచి కత్తిరించిన పట్టీలు, గరుకు కాగితం, గాలి పోకుండా వాల్వుకి తొడిగే వాల్ ట్యూబు ముక్కలు, 15, 17 నంబరు స్పానరు, చిన్న సీసాలో మంచినీళ్లు. ఆ మంచినీళ్లు తాగడానికనుకునేరు. తంపర నీళ్లలో, ఉప్పు కాలవలో ట్యూబు ముంచి బుడగ వెతికితే ఆ ఉప్పు తడి మీద సొల్యూషన్ పట్టదు. ముందు మంచినీళ్లతో కడిగి, పొడి గుడ్డతో తుడిచి, గరుకు కాగితంతో రుద్దాలి. సొల్యూషన్ పల్చగా రాసి, వేలి వెనక భాగం తాకిస్తే అంటుకోనంత వరకూ ఆగాలి, అయిదు నిమిషాలు. తడి మీదే పట్టీ అంటించడం అందరూ చేసే పొరపాటు. డిసెంబరు, జనవరి రాత్రుల్లో మంచు పడుతుంటే ట్యూబుని చొక్కా లోపల పెట్టుకుని ఆరబెట్టడం తప్ప దారి లేదు.

వానల్లో నల్లరేగడి గట్లు సైకిలుని తొక్కనివ్వవు. మట్టి టైరుకీ మడ్‌గార్డుకీ మధ్య కూరుకుని చక్రం ఆగిపోతుంది. అక్టోబరు దాటేదాకా ముందు మడ్‌గార్డు తీసేసి, ఫ్రేముకి ఒక తాటాకు మట్ట ముక్క కట్టుకునేవాళ్లం, మట్టి గీకడానికి. బట్టల మీద పడే బురద సంగతి ఇంట్లో వాళ్లు చూసుకునేవారు, తిట్లు మాకు.

రాత్రి వెలుగు గురించి వాదన ఎప్పుడూ ఉండేది. డైనమోకి సెల్లు ఖర్చు లేదు, కానీ టైరుకి రాసుకుని కీచుమంటుంది, తొక్కడం బరువు, పైగా ఆగితే ఆరిపోతుంది. మనకి వెలుగు కావాల్సింది ఆగినప్పుడే. అందుకని మూడు సెల్లుల టార్చి, అద్దానికి రెండు పొరల ఎర్ర జిలుగు కాగితం. పూల దుకాణంలో బొకేలకి చుట్టే కాగితమే. టార్చి ఎప్పుడూ నేల వైపే. గూటి వైపు ఎత్తకూడదు. రాత్రి పూట వెలుగు పడి లేచిన పెద్ద పిల్ల చీకట్లో కొమ్మ దొరక్క కింద పడుతుంది. వెన్నెల ఉంటే టార్చి తియ్యనే తియ్యం. ఒక్క చోట మాత్రం వెలుగు లేకుండా కాలు దింపకూడదు, గట్టు మీద. వరికోతల కాలంలో కట్లపాము, రక్తపింజర ఎలకల కోసం గట్లెక్కుతాయి. సైకిలు ఆపగానే కాలు ఆనించే చోటు చూసుకోవడం అందరికీ అలవాటైపోయింది.

వేళలు రెండు. తెల్లవారుజామున నాలుగున్నర నుంచి ఏడు, సాయంత్రం దీపాలు పెట్టింది మొదలు తొమ్మిది దాకా. పొద్దున తంపరలో ఎవరైనా వలలు పన్ని ఉంటే తెల్లారకముందే తీసేస్తారు, అందుకు ఆ వేళ. సాయంత్రం కుక్కల కోసం, నక్కల కోసం. మధ్యలో పని తక్కువ. ఎండ ఎక్కి నేల వేడెక్కాక గాలి పైకి లేస్తుంది, గూడబాతులు దాన్ని పట్టుకుని రెక్క ఆడించకుండా గుండ్రంగా తిరుగుతూ పైకెక్కి మేతకి పోతాయి. ఎర్రకాళ్ల కొంగలూ అంతే. ఎండ ఉన్నంతసేపు ఊరి చెట్ల దగ్గర అమ్మలక్కలే కాపలా. నిజానికి ఎప్పుడైనా అసలు కాపలా వాళ్లదే. మనం చెట్టు కింద ఆగీ ఆగకముందే పిట్టగోడ మీంచి కబురొచ్చేది: "బావూ, రేతిరి గాలికి సింతసెట్టు మీంచి గుంటది పడిపోనాది, కుక్కలు రాకండా గంప బోర్లించినాను, సూడు." ఇంటి కప్పు మీద రెట్ట, నూతి చుట్టూ కుళ్లిన చేపల కంపు, ఆరేసిన బట్టలు మళ్లీ ఉతుక్కోవడం, ఇవన్నీ భరించి పుట్టింటికొచ్చిన ఆడపిల్లల్లా చూసుకున్న ఊరు అది.

పడిపోయిన పిల్లని ఎత్తడం దగ్గరే కొత్తవాళ్లు ఎక్కువ తప్పులు చేస్తారు. పిల్లలు పడేది ఎక్కువగా నెల దాటాక. గూటి అంచుకొచ్చి రెక్కలు ఆడించడం, తోబుట్టువుల పోట్లాట, గాలి, రెట్టకి పుల్లలు సడలిపోవడం, ఇవి కారణాలు. పరిగెత్తుకెళ్లి ఎత్తకూడదు. ముందు కుక్కల్ని తోలాలి, తరవాత పైకి చూసి ఏ గూడో గుర్తుపెట్టుకోవాలి, అప్పుడు దగ్గరికి. తువ్వాలు తల మీద వేస్తే కళ్లు మూసుకుపోయి సగం భయం తగ్గుతుంది. గూడబాతు ముక్కు పట్టుకునేటప్పుడు రెండు దవడల మధ్య మన వేలు ఒకటి ఉండాలి. ముక్కు గట్టిగా మూసి తాడు కట్టడం, టేపు చుట్టడం అసలు పనికిరాదు. దాని ముక్కు రంధ్రాలు దాదాపు మూసుకుపోయి ఉంటాయి, ఊపిరి నోటితోనే తీస్తుంది. కరుస్తుందని కట్టేసి, బాగా జాగ్రత్తగా తెచ్చామనుకుని, దారిలోనే చంపుకున్నవాళ్లు ఉన్నారు. ఎర్రకాళ్ల కొంగ పిల్ల దగ్గర ప్రమాదం మనకి. అది ఎదటివాడి కంటికేసి పొడుస్తుంది. తల వెనక నుంచి పట్టుకుని, మన ముఖానికి దూరంగా ఉంచాలి.

రెక్కలు ఒంటికి మడిచి చంకలో పెట్టుకోవాలి గానీ ఛాతీ నొక్కకూడదు. పక్షి రొమ్ముటెముక ముందుకీ వెనక్కీ కదిలితేనే దానికి గాలి ఆడుతుంది. ఎత్తగానే కొన్ని పిల్లలు తిన్న చేపంతా కక్కేస్తాయి. రోగం కాదు, భయం. తల కాస్త కిందికి వంచి ఉంచితే అది గొంతుకి అడ్డం పడదు. కక్కిన చేప ఏదో చూసి నోటుబుక్కులో రాసుకునేవాళ్లం. తల్లులు ఏ నీళ్లలో మేస్తున్నాయో తెలుసుకోవడానికి అంతకంటే సులువైన దారి ఇంకోటి లేదు. తంపర చేపా, చెరువు చేపా, భావనపాడు వైపు ఉప్పుటేరు చేపా అనేది మత్స్యకారులకి చూపిస్తే ఇట్టే చెప్పేవారు.

గంప అడుగున ఎండుగడ్డి ఉండాలి. నున్నటి ప్లాస్టిక్ ట్రేలో పెడితే పిల్ల కాళ్లు రెండు పక్కలకీ జారిపోతాయి, లేత కీళ్లు కాబట్టి మళ్లీ సరికావు. గోనె సంచిలో మూతి కట్టి తేవడం ఇంకా ఘోరం. గంపని క్యారేజీకి రెండు కొబ్బరి తాళ్లతో అడ్డంగా, నిలువుగా కట్టి, పైన పల్చటి గుడ్డ కప్పి, సైకిలు దిగి నడిపించుకుంటూ రావాలి. తొక్కితే ప్రతి గతుకూ దాని వెన్నుకి తగులుతుంది.

మళ్లీ గూట్లో పెట్టొచ్చు కదా అని అందరూ అడుగుతారు. చిన్న చెట్టు, గూడు అందేంత ఎత్తు, ఆ గూడేనని గట్టిగా తెలుసు, అప్పుడైతే నిచ్చెనేసి పెట్టొచ్చు. పెద్ద చింత మీదికెక్కితే పక్కనున్న గూళ్లన్నిట్లో తల్లులు లేస్తాయి, ఒకదాన్ని పెట్టబోయి నాలుగు పడగొడతాం. నేల మీదున్న పిల్లకి గూడబాతు మేత పెట్టదు, పైనుంచి చూస్తూనే ఉంటుంది గానీ దిగదు. అందుకే అటవీశాఖ వాళ్ల సంరక్షణలో, వల కట్టిన చోట పెంచడం.

అక్కడ మేత మా పని కూడా. వేలెడంత తాజా పరిగెలు, తల ముందు లోపలికి వెళ్లేలా. తోక ముందు పెడితే రెక్కల ముళ్లు గొంతులో ఎదురుతిరుగుతాయి. జెల్లలు పెట్టాల్సి వస్తే మూడు ముళ్లూ కత్తెరతో మొదలంటా తియ్యాలి. ఉప్పు చేప, ఎండు చేప పనికిరావు. నోట్లో నీళ్లు పొయ్యకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. దానికి కావాల్సిన నీరు చేపలోనే ఉంది. తెచ్చిన వెంటనే మేత పెట్టకుండా నీడలో గంటసేపు వదిలెయ్యాలి. వదిలెయ్యడం అంటే ఫొటోలు తీసుకోకపోవడం కూడా.

గూళ్ల లెక్క వారానికి ఒకసారి. చెట్టు చుట్టూ తిరుగుతూ లెక్కపెడితే ఒకే గూడు రెండుసార్లు వస్తుంది. ప్రతి చెట్టుకీ ఒక నిలబడే చోటు, అక్కడొక రాయి, రాయి మీద సున్నంతో చెట్టు నంబరు. చెట్టుకి మేకు కొట్టడం, బెరడు చెక్కడం లేదు. ఇద్దరు విడివిడిగా లెక్కపెట్టి, ఒకరికొకరు చెప్పుకోకుండా రాసి, తరవాత పోల్చుకోవాలి. పదికి ఒకటి కంటే ఎక్కువ తేడా వస్తే మళ్లీ మొదట్నుంచి. తల్లి కూర్చున్న గూడే లెక్క, ఖాళీ పుల్లల కుప్ప లెక్కలోకి రాదు. గూటికి మూడు, నాలుగు గుడ్లు పెట్టినా పిల్లల్ని లెక్కపెట్టడం నెల దాటేదాకా దండగ. తలలు గూటి అంచు పైకి రావు. చింత గుబురుగా ఉన్నచోట నేల చూసేవాళ్లం. కింద తెల్లగా పడ్డ రెట్ట మచ్చ ఒక్కోటీ పైన ఒక గూటిని చూపిస్తుంది. ఆ రెట్టే చెట్టుకి శత్రువు కూడా. ఏళ్ల తరబడి పడీపడీ ఆకు మాడి, కొమ్మ ఎండి, చివరికి గూళ్ల బరువుకే విరుగుతుంది. పక్కన కొత్త మొక్కలు పెట్టకపోతే పదేళ్ల తరవాత పక్షికి చోటుండదని లెక్కల పుస్తకమే చెప్పేది.

తంపర వైపు చుట్టులో చూసేవి వేరు. గాలం తీగ ముక్కలు, తెగిన నైలాను వల పోగులు గట్టు మీద, పొదల్లో ఎక్కడ కనిపించినా చుట్ట చుట్టి జేబులో వేసుకోవాలి. కాలికి తీగ చుట్టుకున్న కొంగ గూటికొస్తే కొమ్మకి చిక్కుకుని వేలాడుతుంది. గాలం ముల్లు దిగిన పక్షి దొరికితే తీగ లాగకూడదు. అరచేతి దూరం వదిలి కత్తిరించి, ముల్లు పశువుల డాక్టరుకి వదిలెయ్యాలి. కరెంటు తీగల కింద గట్టు మీద పొద్దున్నే ఒకసారి పోవాలి. గూడబాతు నాలుగైదు కిలోల పక్షి, పెద్ద రెక్కలు, అంత ఒళ్లు చివరి నిమిషంలో పక్కకి తిరగలేదు. పొగమంచు పొద్దుల్లో తీగకి కొట్టుకుంటాయి. పడిపోయింది దొరికితే స్తంభం నంబరు రాసుకోవాలి. ఒకే రెండు స్తంభాల మధ్య మళ్లీ మళ్లీ పడుతుంటే అక్కడ తీగలకి గుర్తులు కట్టమని అడగడానికి ఆ నంబరే ఆధారం.

చచ్చిన పక్షిని ఒట్టి చేత్తో ముట్టుకోవద్దన్న నియమం మొదట్లో అతిజాగ్రత్తలా అనిపించేది. 2021 డిసెంబరు, 2022 జనవరి రోజుల్లో తేలినీలాపురంలో వందకి పైగా గూడబాతులు చనిపోయాక ఎవరూ అలా అనలేదు. చేపల ద్వారా ఒంట్లో చేరిన నులిపురుగులు కారణమని పరీక్షల్లో తేలింది. అలాంటప్పుడు గస్తీవాడు చెయ్యాల్సింది చాలా కొద్ది: దూరం నుంచి గుర్తు పెట్టి, కుక్కలు రాకుండా నిలబడి, వాచరుకి కబురు పంపడం. పాతిపెట్టడానికి తొందరపడితే పరీక్షకి నమూనా ఉండదు.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానం కొబ్బరి, జీడి తోటలు నేలకొరిగిన సంగతి జిల్లాలో అందరికీ తెలుసు. పక్షి చెట్లూ కూలాయి. ఇచ్ఛాపురం మండలం తేలుకుంచిలో నత్తగుల్ల కొంగలు చాలా చచ్చిపోయాయి. అవి జూన్‌లోనే వచ్చి నవంబరు, డిసెంబరు దాకా ఉంటాయి కాబట్టి పిల్లలతో ఉండగానే దెబ్బ తగిలింది. తుపాను మర్నాడు మోటారు బండి ఏ ఊరికీ కదల్లేదు, దారంతా చెట్లే. సైకిలుని మాత్రం కొమ్మల మీంచి ఎత్తి దాటించుకుంటూ పోవచ్చు. ఆ రోజుల్లో చైను కవరు, క్యారేజీ కూడా విప్పేసి బరువు తగ్గించుకున్నవాళ్లున్నారు. తెగిన కరెంటు తీగ నేల మీద కనిపిస్తే లైను చచ్చిందని ఎవరు చెప్పినా నమ్మకుండా, సైకిలు ఇనుప సామానని గుర్తుపెట్టుకుని, చుట్టు తిరిగి పోవాలి.

దీపావళి మాత్రం తేలికైన గస్తీ. ఊరివాళ్లే టపాకాయలు కాల్చరు. బయటి నుంచి వచ్చిన చుట్టాల పిల్లల్ని కాకరపువ్వొత్తుల దగ్గర ఆపడమే పని.

ఏప్రిల్‌లో ఆఖరి పిల్లలు ఎగిరిపోయాక సైకిళ్లు విప్పేవాళ్లం. ఉప్పు నీరు ఇరుసుల్లోకి దూరి గ్రీజు తెల్లగా నురగలా మారి ఉంటుంది. కిరసనాయిలులో కడిగి, గుండ్లు చూడాలి. ముందు ఇరుసుకి పక్కకి పది చిన్నవి, వెనక ఇరుసుకి పక్కకి తొమ్మిది పావంగుళంవి. ఒక్కటి గుంట పడ్డా ఆ పక్క గుండ్లన్నీ మార్చాలి, పాతా కొత్తా కలిపితే బరువంతా కొత్తదాని మీదే పడి కప్పు కూడా పోతుంది. గ్రీజు నిండుగా పెట్టి, గుండ్లని పట్టి ఉంచే కోను బిగుతుగా తిప్పి, పావు చుట్టు వెనక్కి వదలాలి. చక్రం పక్కకి ఊగకూడదు, వాల్ బరువుకి దానంతటదే కిందికి తిరగాలి. తరవాత రిమ్ములకి పల్చగా నూనె రాసి దూలానికి వేలాడదీస్తే టైర్లు నేల మీద నలగవు. వాల్ ట్యూబు అప్పుడు మార్చకూడదు. వేసవంతా ఖాళీగా ఉంటే కొత్త రబ్బరు కూడా వేడికి అంటుకుపోతుంది. ఆగస్టు చివర్లో, మొదటిసారి గాలి కొట్టే రోజున మార్చుకుంటే సరిపోతుంది. ఊచ బ్రేకు పట్టే చోట రిమ్ముకున్న నూనెని కూడా ఆ రోజే సబ్బు నీళ్లతో కడిగెయ్యాలి, లేకపోతే చెరువు గట్టు దిగేటప్పుడు సైకిలు ఆగదు.